మోషే తాతకు ఒక్క ఫోటో

మొయినాబాద్‌లో బస్సు దిగి ఫ్లెక్సీల దుకాణం మెట్లెక్కాక కూడా, ఏ ఫోటో ఇవ్వాలో కృపాజ్యోతికి తేలలేదు. మర్నాడు పొద్దున చిన్న మంగళారం చర్చిలో తాత మోషే జ్ఞాపకార్థ కూడిక. మధ్యాహ్నంలోగా ఫోటో ఇస్తేనే సాయంత్రానికి ఫ్లెక్సీ ఇవ్వగలనని దుకాణం జ్ఞానేశ్వర్ ముందే చెప్పాడు. మేనత్త విజయరాణి ఇంట్లో దొరికిన ఫోటోలన్నీ ఫోన్‌లోకి ఎక్కించి, మంచిది చూసి ఇమ్మని పంపింది. తాత మంచాన పడ్డప్పుడు పదో తరగతి మధ్యలో బడి మానేసి, నాలుగేళ్లు ఆయన మందులూ తిండీ చూసుకున్నది కృపాజ్యోతే. ఆయన ముఖం ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఇంట్లో అందరి నమ్మకం.

ఆమెకు తెలిసింది జబ్బు పడ్డ ముఖం. అది చర్చి గోడకు కట్టేది కాదు.

జ్ఞానేశ్వర్ ఫోటోలు ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో తెరిచాడు. కానిస్టేబుల్. తాగుబోతు. ఊరి పట్వారీ. కొడుకు శవం ముందు కూర్చున్న తండ్రి.

"ఇండ్ల మీ తాత ఎవరు చెల్లె?" అని అడిగాడు.

అందరూ ఆయనేనని ఆమె మెల్లగా చెప్పింది.

మోషే వెతుక్కుంటూ పోకుండానే సినిమా ఆయన దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఫామ్‌హౌసులున్న చోట అప్పుడు ద్రాక్షతోటలుండేవి. ఒక తోటకు ఆయన కాపలా. అక్కడ షూటింగు పెట్టుకున్న కంపెనీవాళ్లకు ముసలి నౌకరు వేషం వేయాల్సిన మనిషి ఆ రోజు రాలేదు. ముప్పై ఏళ్ల మోషే జుట్టుకు తెల్ల పౌడరు పూసి నిలబెట్టారు. అనవలసింది ఒక్కటే మాట, అయ్యగారు ఇంట్లో లేరండీ అని. ఆ 'అండీ'కి నోరు తిరగక మధ్యాహ్నం దాకా తోటంతా తిరుగుతూ అదే అనుకున్నాడట. ఆ తర్వాత నలభై ఏళ్లు, కబురొచ్చినప్పుడల్లా మెహిదీపట్నం బస్సెక్కి పోయి వేషం వేసి వచ్చేవాడు. కబురు లేనప్పుడు తోటపని. ఏ మీసమైనా అతికేలా సొంత మీసం పెంచలేదు. వేషం ఆయన వెంట ఇంటికి కూడా వచ్చేది. కానిస్టేబుల్ వేసిన వారం అవ్వ మారెమ్మను నిలబెట్టి ప్రశ్నలడిగేవాడు. నౌకరు వేసిన వారం ఆమె పిలిస్తే చేతులు కట్టుకుని వచ్చేవాడు. తాను ఎంతమందితో కాపురం చేసిందో తనకే ఎరుక లేదని అవ్వ నవ్వేది.

చావు రోజున చేవెళ్ల నుంచి భిక్షపతి వచ్చాడు. ఒకప్పుడు మోషేతో పాటు తోటల్లో పనిచేసినవాడు. మోషే వరదలో ఈది పక్కింటి దూడను ఒడ్డుకు తెచ్చాడని చెప్పుకుని ఏడ్చాడు. అది సినిమాలోదని ఎవరో అంటే, కాదు, నేను ఒడ్డున నిలబడి చూశానన్నాడు. కాసేపటికి, చూసింది ఒడ్డునో టాకీసులోనో సరిగ్గా గుర్తులేదన్నాడు. పెట్టె గుంతలోకి దించుతుంటే వెనక నుంచి ఒక మాట వినిపించింది.

"మోషన్న సచ్చుడు మనకు కొత్తనా? పదకొండు సార్లు చూసినం."

ఏడ్చేవాళ్లు కూడా నవ్వారు. కృపాజ్యోతి నవ్వాలో ఏడవాలో తెలియక తల దించుకుంది.

వేషం లేని ఫోటో ఒక్కటీ లేకపోవడానికి కారణం తాతే. ఎవరు ఫోన్ ఎత్తినా, "ఎవలు గావాలె మీకు?" అని అడిగేవాడు. ఊరికే కూర్చోమంటే అదొక్కటీ చేతకాక, తాగినవాడిలా రెప్పలు వాల్చేవాడు, లేదంటే బుగ్గలు పూరించేవాడు. ఆధార్ కార్డు మీద కూడా కానిస్టేబులే ఉన్నాడు.

జ్ఞానేశ్వర్‌కు దొర ఫోటో నచ్చింది. మోషేకు పేరు తెచ్చిన వేషం అదే. తలపాగా, చెంపలదాకా మీసం, కౌలు రైతు గడపలో నిలబడి బతిమాలుతుంటే ఎదురుగా కూర్చుని అన్నం తినే దొర. చర్చిలో కట్టేదని తెలిసి, పాగానూ మీసాన్నీ కంప్యూటర్‌లో చెరిపి చూపించాడు. కింద నున్నటి ముఖం ఒకటి మిగిలింది. ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఈయన ఎవరన్నా?" అంది.

అతను మీసం తిరిగి పెట్టేశాడు.

పన్నెండు దాటింది. ఆమె మూలన స్టూలు మీద కూర్చుని ఆ సినిమా ఫోన్‌లో పెట్టుకుంది. దొర ముందు విస్తరి వేశారు. వేడి అన్నం, పప్పు, నెయ్యి. రైతు మాట మొదలుపెట్టాడు. దొర చెయ్యి విస్తరి మీద ఆగింది. కళ్లు మూతపడ్డాయి. పెదవులు రెండుసార్లు కదిలాయి. వెంటనే కళ్లు తెరిచి రైతు మీద విరుచుకుపడ్డాడు.

కృపాజ్యోతి వెనక్కి జరిపి మళ్లీ చూసింది. అన్నం ముందు తాత రోజూ చేసేది అదే. ఎంత ఆకలి మీద ఉన్నా, మంచంలో గంజి పట్టించేటప్పుడైనా, ఆ చిన్న ప్రార్థన కానిదే నోరు తెరిచేవాడు కాదు. కెమెరా ముందు నిజమైన అన్నం పెట్టేసరికి దొరనని మరిచిపోయి ఉంటాడు. చూసినవాళ్లు దొర ఏదో కుట్ర ఆలోచిస్తున్నాడనుకున్నారు. తీసినవాళ్లూ అలాగే అనుకుని ఉంచేసి ఉంటారు.

దొర కళ్లు మూతపడ్డ చోట ఆపి, ఆ బొమ్మను విజయరాణికి పంపింది. వెంటనే ఫోన్ మోగింది.

"పిచ్చి లేసిందా నీకు? మన పెద్దలు దొర కాడ జీతమున్నోళ్లు. దొర బొమ్మ తెచ్చి చర్చిల కడ్తవా? పాస్టరయ్య ఏమంటడు?"

అత్తకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. అత్త అన్నదాంట్లో తప్పూ లేదు. పైగా, తాను చూసింది ప్రార్థనేనా? అక్కడ కళ్లు మూసుకోమని ఎవరైనా చెప్పి ఉంటే? ఇందాక అంత తేటగా కనిపించింది ఇప్పుడు మళ్లీ కలగాపులగమైపోయింది.

"అవ్వకు ఒక్కసారి సూపియ్యి అత్తా," అని మాత్రం అంది. అది ఎవరో చెప్పొద్దని కూడా అడిగింది.

ఫోన్ చేతులు మారింది. అవ్వకు చూపు మసక. తెరను కళ్లకు ఆనించుకుంటే గానీ కనిపించదు.

"ఎవలే ఈ పాగా ఆయన?" అంది అవ్వ.

కృపాజ్యోతి ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకుంది. అవతల అవ్వ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"లొల్లి జెయ్యకుండ్రి," అంది అవ్వ చివరికి, గొంతు తగ్గించి. "ప్రార్థన జేసుకుంటున్నడు. గా కూర జర యేడి జెయ్యి రాణీ, తింటడు."

అదే వేయించుకుని రమ్మని అత్త ముక్కు ఎగబీలుస్తూ చెప్పింది.

జ్ఞానేశ్వర్‌కు మాత్రం మనసొప్పలేదు. కళ్లు మూసిన ఫోటో ఎవరూ పెట్టరని, కావాలంటే తెరిచినట్టు చేస్తానని అన్నాడు. ఆమె వద్దంది. అతను మరోసారి అడిగితే, మరోసారి వద్దంది.

సాయంత్రం బస్సులో చుట్టిన ఫ్లెక్సీని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. పెదవులు రెండుసార్లు కదలడం నాలుగేళ్లు రోజూ చూసింది. అప్పుడు తాత లోపల ఏమనుకునేవాడో, దొర వేషంలోనూ అదే అనుకున్నాడో లేదో, ఆమె ఒక్కసారీ అడగలేదు.