తిరగేసిన గొడుగులో పల్లికాయలు

నా చిన్నప్పుడు నాకు వారంలో ఆరు రోజులు కడుపునొప్పి వచ్చేది. సరిగ్గా ఇంగ్లీషు పీరియడు గంట కొట్టే వేళకు మొదలై, ఆ పీరియడు కాగానే మందూ మాకూ లేకుండా తగ్గిపోయేది. మా అమ్మ వాము నీళ్లు తాగించింది, దిష్టి తీసింది, ఒకసారి దవాఖానకు కూడా తీసుకుపోయింది. అసలు సంగతి ఆమెకు ఎలా చెప్పను? ఎనిమిదో తరగతిలో పాఠం తప్పు చదివానని అప్పటి ఇంగ్లీషు పంతులు నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ రోజు మూతపడ్డ నోరు ఇంగ్లీషు కోసం మళ్లీ తెరుచుకోలేదు. మిగతా వేళల్లో నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. బజారులో ఉర్దూ, బీదరు వైపు నుంచి వచ్చిన మా నాయనమ్మతో కన్నడం, మిగిలిన లోకంతో తెలుగు, మూడూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడేదాన్ని.

ఇది డెబ్బైలలో మాట. జహీరాబాద్‌లో మా నాయన అల్లం పండించేవాడు. మా హైస్కూలు బొంబాయి రోడ్డుకు దగ్గర్లోనే ఉండేది. లోపల పాఠం జరుగుతుంటే బయట లారీలు హారన్లు కొట్టుకుంటూ పోయేవి. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం గదులు పక్కపక్కనే. నేను పదో తరగతికి వచ్చిన ఏడాది మాకు కొత్త ఇంగ్లీషు సారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చెవులు కాస్త పెద్దవిగా ఉండేవాడు. మొదటి రోజు తలుపు దగ్గర కాలు జారి, కుర్చీతో సహా కిందపడ్డాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. ఆయన నేల మీద కూర్చునే తీరిగ్గా తన చెవులు సరిచూసుకున్నాడు, రెండూ ఉన్నాయని తృప్తిపడ్డట్టు తలూపాడు, ఆ తర్వాత తనే ముందుగా నవ్వాడు. ఇక మమ్మల్ని ఎవరు ఆపగలరు?

ఆ నవ్వులోనే ఒక చట్టం చేశాడు. తప్పు చేసినవాళ్లదే మొదటి నవ్వు. వాళ్లు నవ్వాకే మిగతావాళ్లు నవ్వాలి. వాళ్లు నవ్వకపోతే ఎవరూ పళ్లు బయటపెట్టకూడదు. ఈ చట్టం వినగానే నా కడుపునొప్పి సగం తగ్గింది. నిజం చెబుతున్నాను, ఆ వారం అమ్మ వాము డబ్బా దించలేదు.

సారు పుట్టింది పగటివేషాలు కట్టే ఇంట్లో. మా వైపు వాళ్లను బహురూపులోళ్లు అంటారు. ఊరికి వచ్చి రోజుకొక వేషం, ఒకనాడు పోలీసు, ఒకనాడు సన్యాసి, ఒకనాడు వైద్యుడు, ఇంటింటి ముందూ ఆడి నవ్వించేవాళ్లు. ఆఖరి రోజున ఇంటివాళ్లు దోసెడు జొన్నలో, పల్లికాయలో పోసి మెచ్చుకునేవాళ్లు. వాళ్ల జోలె నింపకుండా పంపితే ఇంటికి మంచిది కాదనేది నాయనమ్మ. కొందరు పంతుళ్లు ఈ పుట్టుక గురించి చాటున మాట్లాడుకునేవాళ్లు. సారు మాత్రం మొదటి వారంలోనే మాకు తనే చెప్పేశాడు, అదేదో జమీందారీ అయినంత గర్వంగా.

శనివారం ఒంటిపూట బడి. ఆ రోజు పుస్తకాలు సంచుల్లోనే. సారు వేషంలో వచ్చేవాడు. ఒక వారం బస్సు కండక్టరు. క్లాసు బస్సయింది, బెంచీలు సీట్లయ్యాయి, ఇంగ్లీషులో అడిగినవాడికే టికెట్టు, అడగనివాణ్ని దారిలో సదాశివపేటలోనే దింపేశాడు. ఇంకో వారం పోస్టుమాను. ఒకసారి వాళ్ల మేనమామను వెంట తెచ్చాడు. అసలు సిసలైన బహురూపి ఆయన. ఇంగ్లీషు ముక్క రాదు. డాక్టరు వేషంలో కూర్చుని, మేము ఇంగ్లీషులో రోగం చెబితే గంభీరంగా తలూపి, తలనొప్పికీ కాలునొప్పికీ ఒక్కటే మందు ఇచ్చాడు, చిటికెడు చక్కెర. మాలో ముగ్గురికి లేని రోగాలు పుట్టుకొచ్చాయి. వేషం ముగిశాక ఊళ్లో ఆచారం ప్రకారం మేమూ ఇంటి నుంచి తెచ్చిన పల్లికాయలు, చెరుకు ముక్కలు జోలెలో వేసేవాళ్లం. నవ్వుకు కట్నం లేకుండా ఎట్లా?

ఆ నవ్వులే సారుకు ముప్పు తెచ్చాయి. పక్క ఉర్దూ మీడియం పిల్లలు లెక్కలు వదిలేసి మా కిటికీకి వేలాడేవాళ్లు. వాళ్ల పంతులు వెళ్లి హెడ్మాస్టరుతో మొరపెట్టుకున్నాడు. మా సారుది తాత్కాలిక ఉద్యోగం. ఒక రోజు వరండాలో అందరికీ వినబడేలా హెడ్మాస్టరు తేల్చి చెప్పాడు. దసరా సెలవుల తర్వాత ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లలకు ఇంగ్లీషు వచ్చిందని ఆయన రాస్తే ఉంటావు, ఇకిలించడమే వచ్చిందని రాస్తే మూటాముల్లె సర్దుకుంటావు అని. సారు తలొంచుకుని విన్నాడు. మేమూ విన్నాం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, ఎందుకంటే మాట్లాడని పిల్ల క్లాసులో ఇంకా ఒక్కతే మిగిలింది. అది నేను.

ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తాడని తెలిసింది. అంతకుముందు శుక్రవారం సారు మాతో, "రేపు మన క్లాసుకు ఇన్‌స్పెక్టర్ వేషమొస్తది. జర హుషారుగుండున్రి," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, రేపు వేషంతో మాట్లాడే వంతు నాదేనని చెప్పాడు. నేను ఆ సాయంత్రమంతా మా పెరట్లో అల్లం బుట్టల ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడాను. అల్లం మంచి శ్రోత. తప్పులు పట్టదు.

శనివారం మొదటి గంట కొట్టాక ఒక పెద్దమనిషి తలుపు దగ్గర కనిపించాడు. ఎండలోనూ కోటు, బుర్ర మీసం, బొజ్జ, చంకలో నల్ల గొడుగు. ఒంటరిగా నడిచి వచ్చాడు. ఇన్‌స్పెక్టరంటే జీపులో వస్తాడని, హెడ్మాస్టరు ముందు పరుగెత్తుతాడని మాకు తెలుసు. ఆ వేళ హెడ్మాస్టరు సోమవారం కోసం సున్నం కొనడానికి బజారుకు పోయాడు. ఇంక అనుమానం ఎక్కడిది? మేనమామ లాగే ఇంకో చుట్టాన్ని పట్టుకొచ్చాడు మా సారు అనుకున్నాం. మీసం ఎంత బాగా అతికించాడో అని నా పక్కనున్న పిల్ల చెవిలో గుసగుసలాడింది.

నేను లేచి నిలబడ్డాను. ఎదుట ఉన్నది వేషం అనుకోగానే కడుపునొప్పి ఊసే లేదు. రండి, కూర్చోండి అన్నాను ఇంగ్లీషులో. ఆయన ఆశ్చర్యంగా చూసి కూర్చున్నాడు. నా పేరు, మా నాయన పని అడిగాడు. చెప్పాను. అడిగినవాళ్లను తిరిగి అడగాలని మా సారు నేర్పాడు కాబట్టి, భోజనమైందా, ఎంతమంది పిల్లలు, ఇంత ఎండలో కోటెందుకు అని వరసగా అడిగాను. ఆయన ఒక్కొక్కదానికీ జవాబిచ్చాడు. ముగ్గురు కూతుళ్లట. అబ్బ, పాత్రలో ఎంత లీనమయ్యాడు అనుకున్నాను. మీసం దురద పెట్టడం లేదా అని కూడా అడిగాను. ఆయన చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. క్లాసు గొల్లుమంది. మీరు మరీ మెత్తగా ఉన్నారు, ఇన్‌స్పెక్టర్లకు ఇంకా కోపం ఉండాలి అని సలహా ఇచ్చాను. ఆయనకు నిజంగానే కోపమొచ్చి కనుబొమ్మలు ముడిచాడు. మేము చప్పట్లు కొట్టాం.

వేషం బాగా కట్టినవాణ్ని వట్టి చేతులతో పంపకూడదు కదా. జోలె కనబడలేదు. ఆయన గొడుగు తీసుకుని, విప్పి, తిరగేసి బల్ల మీద పెట్టాను. మొదట నా పల్లికాయలు దోసెడు పోశాను. వెనక నుంచి అందరూ వరస కట్టి వచ్చారు. పల్లికాయలు, చెరుకు ముక్కలు, ఎవరో ఒక జామకాయ కూడా. చాలా బాగా ఆడారు, మళ్లీ రండి అని ఇంగ్లీషులోనే మెచ్చుకున్నాను. అప్పుడు తలుపు దగ్గర ఇంకో ఇన్‌స్పెక్టరు కనిపించాడు.

కోటు, బొగ్గుతో దిద్దిన మీసం, అద్దాల్లేని కళ్లజోడు, చొక్కా కింద దిండు. పెద్ద చెవులు. మా సారు. లోపల కూర్చున్న మనిషిని చూసి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన వెనకే, చేతులకు సున్నంతో, రొప్పుతూ హెడ్మాస్టరు. హెడ్మాస్టరు మొదట మా సారును చూశాడు, తర్వాత కుర్చీలో మనిషిని చూశాడు, తర్వాత గొడుగులో పల్లికాయలను చూశాడు. నమస్కారం ఎవరికి పెట్టాలో తోచక గాల్లోనే చేతులు ఆపేశాడు. అప్పుడర్థమైంది నాకు. కుర్చీలో ఉన్నది సోమవారం రావాల్సిన అసలు ఇన్‌స్పెక్టరే, చెప్పాపెట్టకుండా రెండు రోజుల ముందే వచ్చాడు. మా సారు ఉద్యోగాన్ని నా చేతులతో నేనే గొడుగులో పోసి ఇచ్చేశాననుకున్నాను.

హెడ్మాస్టరు క్షమాపణలు మొదలుపెట్టబోతే ఇన్‌స్పెక్టరు చేత్తో ఆపాడు. నా వైపు తిరిగి, నేనెవరో ఇప్పుడు తెలిసింది కదా, ఇప్పుడు మాట్లాడు అన్నాడు. మీసం అదే, బొజ్జ అదే, కోటు అదే. కానీ నా నోట్లో నాలుక లేదు. పాత కడుపునొప్పి తన్నుకొచ్చింది. సాయం చెయ్యమని సారును చూశాను. ఆయన బతిమాలలేదు, సంజాయిషీ చెప్పలేదు. చొక్కా కిందున్న దిండు మెల్లగా జారి నేల మీద దబ్బున పడింది. అది జారిందో, ఆయనే జార్చాడో ఇప్పటికీ నాకు తెలియదు. సన్నని నడుము మీద వదులైపోయిన కోటును ఆయన చూసుకున్నాడు. ఉద్యోగం పోయే క్షణంలో, ఇన్‌స్పెక్టరు ఎదుటే, తనే ముందుగా నవ్వాడు.

నేనూ నవ్వాను. ఏడుస్తూ నవ్వాను. ఆ నవ్వులోనే నోరు తెరుచుకుంది. రెండేళ్లు నేను నోరు తెరవలేదని, ఈ సారు వచ్చాకే తెరిచానని వచ్చీరాని ఇంగ్లీషులో ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. చివరికి మాటలు అయిపోయాయి. మిగిలినవి పోగుచేసుకుని, "సర్, హీ గో, ఫియర్ కమ్ బ్యాక్," అన్నాను. ఆయన పోతే మా భయం మళ్లీ వస్తుందని నా బాధ. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇది ఎవరైనా రాసిచ్చారా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఎవరూ రాయలేదన్నాను. రాసినవాళ్లెవరైనా ఇంత చెడగొట్టి రాస్తారా అని ఆయనకూ తోచినట్టుంది, మీసం కింద ఏదో కదిలింది. గొడుగులో పల్లికాయలను చేతిరుమాలులో మూట కట్టుకున్నాడు, ఒక్కటి కూడా వదల్లేదు. జామకాయ మాత్రం మా సారు చేతిలో పెట్టి, హెడ్మాస్టరు గదికి పోయాడు. అక్కడ పుస్తకంలో ఏం రాశాడో మాకు ఎవరూ చూపలేదు.

ఆయన వెళ్లాక వరండాలో సారు దగ్గరకు పోయి ఏడ్చాను. మీ నౌకరి నా వల్ల పోతుంది సార్ అన్నాను. ఆయన బొగ్గు మీసం తుడుచుకుంటూ, కొంచెం కూడా ఫికర్ లేనట్టు, "నౌకరి పోతె ఇంకోటి దొరుకుతది బిడ్డా. నీ గొంతు పోతె ఏడ దొరుకుతది?" అన్నాడు.

ఆ ఆదివారం అంత పొడుగు ఆదివారం నా జన్మలో లేదు. సోమవారం పొద్దున సారు ఏ వేషమూ లేకుండా వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు, పడలేదు కూడా. ఇక అంతా అయిపోయిందనుకున్నాం. అప్పుడు చెప్పాడు, "పరీక్షలయ్యేదాంక నేను ఈడనే ఉంట. మన క్లాసును మాత్రం మూల గదికి మారుస్తున్నరు, మన లొల్లి ఎవ్వరికి ఇనబడకుంట." మేము పెట్టిన కేకకు ఆ మార్పు ఎంత అవసరమో బడి మొత్తానికీ తెలిసింది. పాపం, కిటికీ పోయిందని ఉర్దూ మీడియం పిల్లలు మాత్రం వారం రోజులు మాతో మాట్లాడలేదు.

తర్వాత నేను నర్సునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా దవాఖానల్లో పనిచేశాను. పెద్ద డాక్టర్ల ముందు, పై అధికారుల ముందు, రోగి తరఫున నిలబడి గట్టిగా చెప్పాల్సిన రోజులు ఎన్నో వచ్చాయి. ప్రతిసారీ కడుపులో ఆ పాత నొప్పి ఒకసారి తొంగిచూస్తుంది. చూడనీ, నేను మాట్లాడేస్తాను. మాట సరిగ్గా ఉందా లేదా అన్నది తర్వాత సంగతి. ఆ శనివారం నేను మాట్లాడిన ఇంగ్లీషులో తిన్నగా నిలబడ్డ వాక్యం ఒక్కటీ లేదు. ఆ వంకర ఇంగ్లీషుతోనే మా సారును మా బడిలో నిలబెట్టుకున్నాం.