నీళ్ళడగని మొక్కలు

మా వారి గుండెకి స్టెంటు వేసిన ఏడాది పొలం కౌలుకిచ్చేశాం. ఇచ్చేద్దామని పట్టుబట్టింది నేనే. అప్పటిదాకా ఆయన తెల్లవారుతూనే బండి మీద చేనికి వెళ్ళి, ఏ మడిలో నీరెంత ఉందో చూసొచ్చాకే కాఫీ తాగేవారు. కౌలుకిచ్చాక కూడా అదే వేళకి లేచేవారు. లేచి కుర్చీలో కూర్చునేవారు, మధ్యాహ్నం దాకా అక్కడే. గుండె భేషుగ్గా ఉందని డాక్టరుగారు చెప్పారు గానీ, మనిషిని చూస్తే నాకు భయం వేసేది. పలకరిస్తే పలికేవారు, అంతే.

మేడ మీద ఏదైనా ఉంటే కాస్త కదులుతారు కదా అనుకున్నాను. మా మేడ మీద పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఎండే. గులాబీలు రెండుసార్లు పెట్టి, రెండుసార్లూ మాడ్చుకున్నాను. ఒకరోజు ఫోన్‌లో ఎవరిదో తోట చూసి అగేవ్‌ల మీద మనసు పడ్డాను. మనకి మరీ కొత్తవేం కావు, కంచెగా వేసే కిత్తనార జాతివే. కానీ కుండీల్లో నీలంగా, చారలు చారలుగా మట్టలు విచ్చుకుని ఎంత ముద్దుగా ఉన్నాయో! పైగా నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, చాకిరీ అసలే లేదు. గుండె జబ్బు మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇద్దరం ఆటోలో కడియం నర్సరీలకి వెళ్ళాం. "ఎండ ఎటు నుంచి పడుద్దండీ?" అని అడిగాడు నర్సరీ అతను. అన్నివైపుల నుంచీ అన్నాను. "అయితే నీలంవి, బూడిద రంగువి తీసుకోండమ్మగారూ. మట్ట ఎంత మందంగా ఉంటే ఎండకి అంత ఓర్చుకుంటాయండి." నా కన్నేమో ముళ్ళులేని లేతాకుపచ్చ రకం మీద పడింది. మధ్యాహ్నం ఎండకి మచ్చలొచ్చేస్తాయని, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే గోడవార పెడతానంటేనే ఇస్తానన్నాడు. పసుపు అంచుల పెద్ద రకం వద్దేవద్దన్నాడు. పెరిగితే మంచమంత చోటు కావాలిట, వచ్చేపోయేవాళ్ళ పిక్కలు చీరేస్తుందిట. చివరికి నీలంవి రెండు, సన్నమట్టలకి తెల్లంచు ఉన్నవి రెండు, గుండ్రంగా తెల్లగీతలున్న బుల్లిది ఒకటి, నా ముళ్ళులేనిది ఒకటి తీసుకున్నాం. ఈ తంతు జరిగినంతసేపూ మా వారు ఆటో దగ్గరే నిలబడ్డారు. మీకేది నచ్చిందండీ అంటే, "ఏదైతే ఏంటి, నీళ్ళు కూడా తాగవంట కదా" అన్నారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. కుండీల్లో ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువ కలపమన్నాడు నర్సరీ అతను. నేను డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని. పెరట్లో కాలవ ఒండ్రుమట్టి గుట్టగా పోసి ఉండగా మొక్కకి ఇసుక పెట్టడమేమిటి, చుట్టాన్ని పిలిచి గంజి పోసినట్టు! కుండీల నిండా ఒండ్రే నింపాను.

నెలన్నర తిరిగేసరికి బుల్లిదాని మట్ట పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. మొదలు కుళ్ళి వాసన వేస్తోంది. నీలంవాటిలోనూ ఒకటి అలాగే పోయింది. మర్నాడు పొద్దున్నే మేడెక్కితే, మా వారు చెంబుతో కుండీలకి నీళ్ళు పోస్తూ కనిపించారు. రోజూ పోస్తున్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వద్దని చెప్పాను కదండీ! చంపేశారు వాటిని."

ఆయన చెంబు కింద పెట్టారు. "మరి తెల్లారి లేచి నేనేం చెయ్యాలే?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. "పొలం వద్దన్నావు, సరే అన్నాను. నాతో పనిలేని మొక్కలు తెచ్చిపెట్టి, చూస్తా కూర్చోమంటే ఎలా?"

ఆయనకి చాకిరీ తప్పించానని ఏడాదిగా నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. ఆయనకి మిగిల్చిందేమిటో ఒక్కరోజూ ఆలోచించలేదు. ఏడుపొస్తే పిట్టగోడ వైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి వెనక్కి చూస్తే, ఆయన చచ్చిన మొక్కని పెరికి ఆ మట్టి వేళ్ళతో నలుపుతున్నారు. "ఏంటిది, ఒండ్రు పోశావా? నీళ్ళు పోసింది నా తప్పే. కానీ పోసిన నీరు దిగే దారేది? మురుగు పోకపోతే వరే కుళ్ళిపోద్ది, ఇదెంత?" ఆయన ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఆ రోజే మిగిలిన నాలుగింటికీ ఇసుక, ఇటుక ముక్కలు వేసి, కుండీల అడుగున చిల్లులు పెద్దవి చేశారు. ఆ వారంలోనే ఒక్కరూ కడియం వెళ్ళి ఇంకో నాలుగు అగేవ్‌లు ఏరి తెచ్చుకున్నారు. ఇవేం రకాలని నేను నర్సరీ అతనికి ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. "మన వానలకి ఉండవని చెప్పానండి. మబ్బు పట్టినప్పుడల్లా నీడకి చేర్చాలన్నా వినలేదండి. ఆ రకాలే కావాలన్నారు."

"వానకి ఓర్చుకునేవి తెచ్చుకోవచ్చు కదండీ" అన్నాను ఆయనతో.

"ఓర్చుకునేవాటికి నేనెందుకే?" అన్నారు.

ఈ ఏడు వాయుగుండం పట్టిన మధ్యాహ్నం భోజనం మధ్యలోనే చెయ్యి కడిగేసుకుని మేడెక్కేశారు. గొడుగు పట్టుకుని నేనూ పరిగెత్తాను. అప్పటికే కొత్తవాటిలో మూడు కుండీలు మెట్ల మీది రేకుల కిందకి చేరిపోయాయి. ఆయన తడిసి ముద్దయి, నాలుగో కుండీ అంచు పట్టుకుని వంగున్నారు. డాక్టరుగారు బరువులెత్తొద్దన్నారు కదండీ అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, గొడుగు పక్కన పడేసి, రెండోవైపు పట్టుకున్నాను.