పద్దెనిమిది మీటర్ల తర్వాత

వన్ టౌన్‌లో చీరల కొట్టు నడిపే వేణుగోపాల్ గారు ఏ బట్టనైనా కళ్లు మూసుకుని బొటనవేలితో నిమిరి, అది తనకేదో చెప్పినట్టు తలూపుతారు. విశాఖలో సముద్రంలో పద్దెనిమిది మీటర్ల లోతు దాకా దిగే స్కూబా డైవింగ్ నేర్చుకొచ్చాక, గాలి సిలిండర్‌ను వీపున కట్టుకోవడానికి కొరియర్‌లో తెప్పించిన రెండు రకాల సరంజామాల్నీ అలాగే నిమిరారు. ఒకటి తిప్పి పంపాలి. మెత్తటి జాకెట్ ఆ లోతుకు చాలు. స్టీలు పలకకు పట్టీలున్నది ఇప్పుడూ పనికొస్తుంది, ముందు ముందు జంట సిలిండర్లతో ఇంకా లోతుకు దిగినా పనికొస్తుంది.

"జాకెట్ ఉంచుకుంటే అక్కడితో ఆగుతారా?" అంది భార్య రాజ్యశ్రీ.

ఆయన చొక్కా మీద పలక తగిలించుకుని, సముద్రం అడుగున ఉన్నట్టు మెల్లగా ఊపిరి వదిలారు. "నువ్వు ఆగమంటే ఆగుతాను."

ఆమె టేపు తెచ్చి ఆయన నడుము కొలిచింది.

"పలకే ఉంచండి. పట్టీలు మాత్రం పొడుగ్గా పెట్టించండి. అరవయ్యో ఏట నడుము పెరిగినా మీకు పట్టాలి."