జత మారిన పినియన్

మా మేనమామకి కోపం వస్తే అరవడు. పళ్ళు బిగించి, చేతిలో పనిని ఇంకా నెమ్మదిగా చేస్తాడు. నెలన్నర పాటు ఆయన అన్నీ నెమ్మదిగానే చేశాడు, అన్నం తినడంతో సహా. 'వాడికి చెవుడు' అని ఆయన మీద పుకారు పుట్టింది. బండి శబ్దం విని జబ్బు చెప్పాల్సిన మెకానిక్కుకి అలాంటి పేరు పడితే ఇక తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే.

ఆ పేరు పెట్టింది ఇరవై రెండేళ్ళు ఆయన చేత చాకిరీ చేయించుకున్న షెడ్డు ఓనరు. పశువుల డాక్టరమ్మ పాత జీపుకీ, ఓనరు సొంత పాత జీపుకీ బేరింగులు మార్చాలని ఒకే రోజు వెనక ఇరుసులు విప్పారు. ఇరుసు మధ్య పెట్టెలో క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్నదీ ఉంటాయి. రెండింటినీ జతగా అరగదీసి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. జత మారితే ఆ కాపురం కుదరదు, రోజూ రచ్చే. మావయ్య ఏ జతకి ఆ జత తీగ చుట్టి బల్ల మీద పెట్టాడు. ఇంతలో మా అమ్మకి ఉన్నట్టుండి ఆపరేషన్ అన్నారని నేను ఫోన్ చేస్తే, పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. రెండు జీపులూ ఓనరే బిగించాడు.

మర్నాటి నుంచి డాక్టరమ్మ జీపు వెనక ఒకటే ఊళ. మళ్ళీ విప్పి చూద్దామన్నాడు మావయ్య. ఓనరు ఒప్పుకోలేదు. అందరి ముందూ నిలబెట్టి, ఇది నీ బిగింపే, చెవులు పోయినవాడికి ఇంకేం తెలుస్తుందని దులిపేశాడు. బిగించిందెవరో చూసిన పనివాళ్ళు నోరు మెదపలేదు. మావయ్య పానాల పెట్టె భుజాన వేసుకుని వచ్చేసి, మా ఇంటి ముందు రేకుల పందిరి వేసుకున్నాడు. ఒక్క బండీ రాలేదు. తన ఆపరేషన్ వల్లే ఇదంతా అని అమ్మ కుమిలిపోయేది. నాకు మాత్రం ఆ ఓనరు వీధిలో కనిపిస్తే ఒళ్ళు మండిపోయేది.

వేరే షెడ్డువాళ్ళు చెప్పారని నాలుగు టైర్లూ మార్పించి, ఊళ తగ్గక, డాక్టరమ్మ చివరికి మా గుమ్మం ముందు ఆగింది. నమ్మకంతో కాదు, వేరే దిక్కు లేక. మావయ్య ఆమెని నడపమని, నాతో పాటు వెనక కూర్చున్నాడు. నలభై వేగంలో యాక్సిలరేటర్ తొక్కితే ఊళ, కాలు తీస్తే నిశ్శబ్దం. బండిని ఎడమకీ కుడికీ తిప్పించాడు. శబ్దం మారలేదు కాబట్టి చక్రాల బేరింగులు కాదన్నాడు. పెట్టె విప్పితే నూనెలో ఇనుపరజను మెరిసింది. పళ్ళచక్రాలు రెండూ బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. క్రౌన్ మీద నలభై ఒకటి, పినియన్ మీద ఇరవై ఏడు.

"దీని జోడు ఓనరు జీపులో ఉంది మేడం," అన్నాడు. "జీపుని తెప్పించండి. ఆయన్ని కూడా రమ్మనండి."

రాకపోతే కేసు పెడతానన్న డాక్టరమ్మ కబురుకి భయపడి మర్నాడే ఓనరు తన ఇద్దరు పనివాళ్ళతో వచ్చాడు. ఆయన జీపు కూడా ఊళ పెడుతూనే వచ్చింది. ఎవరడిగినా టైర్ల మోత అని చెప్పుకుంటున్నాడట. విప్పితే నంబర్లు తారుమారుగా ఉన్నాయి. ఇదీ నీ నిర్వాకమే అని ఆయన మావయ్య మీద మొదలుపెట్టాడు. ఆ సమయంలో ఆయన వెనకే జాకీ రాడ్డు బల్ల మీంచి జారి బండ మీద పడింది. మేమంతా ఉలిక్కిపడ్డాం. ఓనరు తల కూడా తిప్పకుండా తిడుతూనే ఉన్నాడు.

మావయ్య చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసి నవ్వాడు. నెలన్నర తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

రెండు రోజులు పట్టింది. పళ్ళకి ఎర్రరంగు పూసి, తిప్పి, ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి, సన్నటి వాషర్లు వేస్తూ తీస్తూ కూర్చున్నాడు. అంతా అయ్యాక అందరినీ మళ్ళీ పిలిపించి డాక్టరమ్మ జీపు ఎక్కించాడు. ఓనరుని మర్యాదగా ముందు కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ నలభై దాటించి తొక్కింది. గాలి తప్ప వెనక ఏ చప్పుడూ లేదు.

మావయ్య తన పెదాలు కనిపించేలా ఓనరు మొహం ముందుకి వంగాడు. "అన్నా, శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోంది?"

ఓనరు మా మొహాలన్నీ వెతికాడు. ఎవరూ సాయం రాలేదు.

"ఎడమ చక్రం. ముందుకన్నా పెరిగింది."

డాక్టరమ్మ బండి పక్కకి తీసి ఇంజను ఆపేసింది. పనివాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు. ఇక చాలులే అనుకున్నాను. మావయ్యకి చాలలేదు.

"ఆ రోజు బిగించిందెవరు? చెవులు పోయిందెవరికి? వీళ్ళకి నువ్వే చెప్పన్నా."

"నేనే," అన్నాడు ఓనరు లోగొంతుతో. "నాకే వినపడట్లేదు. ఏడాదైంది."

మావయ్య చెవి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వినపడలేదన్నా. కాస్త గట్టిగా."

ఓనరు గట్టిగా చెప్పాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలిపడాల్సిందేమో. నాకు మా అమ్మ ఏడుపే గుర్తొచ్చింది.

"మా ఇంటి ముందు ఆపండి మేడం," అన్నాను. "మా అమ్మ కూడా వినాలి."