ఒక్కడి కోసం షామియానా

ఆ రోజుల్లో మా ఈడు కుర్రాళ్లందరికీ ఒకే పిచ్చి. బండెక్కి, ఒక్కడే, మనుషులు లేని చోటికి పోవడం, అక్కడ టెంట్ వేసుకోవడం, దాని ముందు అటు తిరిగి నిలబడి ఫొటో పెట్టడం. (ఒక్కడే వెళ్లినవాడికి ఆ ఫొటో వెనక నుంచి ఎవరు తీశారని ఎవరమూ అడిగేవాళ్లం కాదు. అంత మర్యాదస్తులం.) నాకూ ఆ పిచ్చి నిలువునా పట్టింది. ఇంజినీరింగ్ అయిపోయి ఏడాదిన్నర. మడికొండ ఐటీ పార్కు ముందు నుంచి బండి మీద పోతూ, పాపం ఈ గోడల మధ్య ఎలా బతుకుతున్నారో అని లోపలివాళ్ల మీద జాలిపడుతుండేవాణ్ణి. నిజానికి రెండుసార్లు ఇంటర్వ్యూకి లోపలికి వెళ్లి రెండుసార్లూ బయటికి వచ్చినవాణ్ణే. కానీ జాలిపడటం తేలిక కదా.

నా దగ్గరున్న ఆస్తి ఒక కెమెరా. అదీ మా బావది. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే మా అక్క భర్త, పాప పుట్టినప్పుడు మోజుపడి కొని, పాపకు నడక వచ్చేసరికి బీరువా మీద పెట్టేశాడు. దాంతో భద్రకాళి చెరువునూ వేయిస్తంభాల గుడినీ వందలసార్లు తీసి, నేను ఫొటోగ్రాఫర్‌నని నాకు నేనే ఒప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే హైదరాబాద్‌లో ఒక ప్రయాణాల పత్రిక వాళ్లు ఫొటోగ్రాఫర్ కావాలని ప్రకటన వేశారు. ఒంటరి ప్రయాణంలో తీసిన ఐదు ఫొటోలు పంపాలి. కొండలు, లోయలు, ఎడారులు, ఏదైనా సరే, ఒక్క దాంట్లోనూ మనిషి కనిపించకూడదు. గడువు పది రోజులు. ఆ ప్రకటన మళ్లీ మళ్లీ చదివాను. ఆ ఉద్యోగం నా కోసమే పుట్టిందనుకున్నాను.

అసలు సంగతి ఇంకొకటుంది. మాది హనుమకొండలో టెంట్ హౌస్. పెళ్లయినా చావయినా, షామియానాలూ కుర్చీలూ గుండిగలూ మా దగ్గరి నుంచే పోవాలి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ దుకాణం అంటే చెప్పలేనంత సిగ్గు. క్లాసులో నన్ను "షామియానా" అనే పిలిచేవాళ్లు. అందుకే ఆ రాత్రి అన్నం దగ్గర బాపుతో ధైర్యంగా చెప్పాను, గండికోట పోతానని, ఐదు ఫొటోలు తెస్తానని.

బాపు ముద్ద మింగి అడిగాడు. "ఒక్కనివే పోతవా? ఏమాయె, దోస్తులతోని కొట్లాడినవా?"

"లేదు బాపూ. సోలో ట్రిప్పు. అట్లనే పోవాలె."

"గీ నౌకరి వస్తే పో బిడ్డా, నేను అడ్డం రాను. రాకుంటే మాత్రం ఈ సీజన్ సంది దుకాణంల కూసోవాలె. మల్ల గా ఫొటోలు గీటోలు అనద్దు. సరేనా?"

సరే అన్నాను. ఇరవై మూడేళ్ల వయసులో ఓడిపోతామన్న అనుమానం ఎవరికుంటుంది! ఐదు ఫొటోలకూ నా బతుక్కూ అలా ముడి పడింది. కానీ మరునాడు, చిన్న టెంట్ ఒకటి కొనుక్కుంటానని నోరు జారగానే బాపు ముఖం ఎర్రబడింది.

"ఇంట్ల నలభై టెంట్లు పెట్టుకొని బయట టెంట్ కొంటవా? బజార్ల మన ఇజ్జత్ ఏం గావాలె?"

అది వేరే రకం టెంట్ అనీ, గొడుగులా మడతపెట్టి వీపుకు తగిలించుకునేదనీ ఎంత చెప్పినా వినలేదు. "గాలాడని సంచిల పండుకుంటవా? పిచ్చోడివా?" అన్నాడు. అప్పుడు మూఢం నడుస్తోంది, పెళ్లిళ్లు లేవు, సరుకంతా గోదాంలో ఖాళీగా పడి ఉంది. స్వయంగా వెతికి, ఉన్నవాటిలో చిన్న షామియానా తీశాడు. ఎరుపు పసుపు చారలు, నడుమ నీలంరంగు పువ్వు, చుట్టూ కుచ్చులు, అంచు మీద బారెడు అక్షరాలతో మా దుకాణం పేరు. దాంతోపాటు రెండు ముక్కలుగా ఊడదీసే నాలుగు ఇనప గుంజలు, తాళ్లు, మేకులు, సుత్తి. బావ బండి అడిగి తెచ్చుకునేసరికి గడువులో వారం పోయింది, దానికి అన్నీ బాపే కట్టాడు. అమ్మ తన వంతుగా సర్వపిండి, సకినాలు, మామిడికాయ తొక్కు ఒక గోనెసంచిలో సర్దింది. "ఒక్కడికి ఇంతెందుకే?" అంటే, "ఆడ ఎవరన్న ఎదురైతే ఏం పెడ్తవ్?" అంది. ఎవరూ ఎదురుకాకూడదనే పోతున్నానని ఆమెకెలా చెప్పాలి?

దారి పొడుగునా, టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఎవరింట్లో పెళ్లి అని. కర్నూలులో లాడ్జి వాడైతే ముహూర్తం ఎన్నింటికని కూడా అడిగాడు. నా తలకు నల్ల హెల్మెట్, కళ్లకు నల్లద్దాలు, మెడలో కెమెరా, వెనక షామియానా. అద్దంలో నన్ను నేను చూసుకోకుండా మరునాడు పొద్దెక్కేసరికి గండికోట చేరుకున్నాను.

చూడనివాళ్లకు చెప్తున్నాను, అది మాటలకు అందే చోటు కాదు. పెన్న నది కొండను నిలువునా కోసుకుంటూ పోయింది. రెండు వైపులా ఎర్రరాతి గోడలు, బండ మీద బండ పేర్చినట్టు. చుట్టూ ఎండ, ముళ్లకంప, రాళ్లు. కోట వైపు జనం బాగా ఉన్నారని, నేను చుట్టు తిరిగి లోయకు అవతలి ఒడ్డుకు బండి తిప్పాను. కొంతదూరం మట్టిబాట, తర్వాత బండ్ల జాడ, ఆ తర్వాత గొర్రెలు నడిచిన గీత, చివరికి అదీ లేదు. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా గుంజలు గణగణ మోగేవి, లోయ ఆ మోతను రెట్టింపు చేసి నాకే అప్పజెప్పేది. రెండుసార్లు పడ్డాను. మూడోసారి బండి మాత్రమే పడింది, నేను ముందే దిగేశాను. ఎలాగైతేనేం, మనిషన్నవాడు కనపడని అంచుకు చేరి, ఊపిరి పీల్చుకుని, షామియానా విప్పాను.

టెంట్ హౌస్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, ఒక్క విషయం మాత్రం నాకు తట్టలేదు. షామియానా ఒక్కడు వేసేది కాదు. ఒక మూల గుంజ లేపి తాడు బిగించేలోపు రెండోది పడుతుంది. దాన్ని లేపితే మొదటిది నెత్తి మీదికొస్తుంది. మా దుకాణంలో ఎప్పుడూ నలుగురు కలిసి, ఒకరినొకరు తిట్టుకుంటూ వేస్తారు. నేను అరగంట సేపు నన్ను నేనే తిట్టుకుంటూ ఆ గుడ్డ కింద ఎలుకలా తిరిగాను. పైకి చూసేసరికి భుజాన కంబళితో, గొర్రెలు మేపుకునే ముసలాయన నిలబడి ఉన్నాడు.

"ఏంది నాయినా, ఎవురి పెండ్లి?" అన్నాడు.

జవాబు చెప్పేలోపు గుట్ట కింది నుంచి నవ్వులు వినపడ్డాయి. కాస్త దూరంలో కుంట తవ్వే కూలి ఆడవాళ్లు, ఆరుగురు, గంపలు చంకన పెట్టుకుని ఎక్కివస్తున్నారు. అందరికన్నా పెద్దావిడ కొంగుతో చెమట తుడుచుకుంటూ నిలదీసింది.

"మేస్త్రీ పంపినాడా నిన్ను? నీడ గావాలని నెల దినాల నుంచి మొత్తుకుంటే ఇప్పటికి గుర్తొచ్చినామా?"

"కాదమ్మా, నేను ఫొటోలు తీసుకుందామని వచ్చిన."

"ఎవురివి?"

"ఈ లోయవి."

ఆవిడ లోయను చూసింది, షామియానాను చూసింది, నన్ను చూసింది. "రాళ్లకు ఫొటోలు, దానికి మళ్లీ షామియానా. సర్లేబ్బీ, యాడ పట్టుకోవాల్నో చెప్పు," అని ఒక గుంజ అందుకుంది. మిగతావాళ్లు మిగిలిన గుంజలూ తాళ్లూ పట్టుకున్నారు. ముసలాయన మేకులు కొట్టాడు. ఐదు నిమిషాల్లో, ఆ ఎర్రటి రాళ్ల మధ్య, మా దుకాణం పేరుతో సహా షామియానా లేచి నిలబడింది. నా సోలో ట్రిప్పు మొత్తం ఎంతసేపు నడిచిందయ్యా అంటే, బండి దిగింది మొదలు అక్కడి వరకు.

మిట్టమధ్యాహ్నం అందరూ ఆ నీడలోనే కూర్చున్నారు. వాళ్లలో చిన్నామె చంకన ఏడెనిమిది నెలల పిల్ల ఉంది, దాన్ని పాత చీర పరిచి పడుకోబెట్టింది. అమ్మ ఇచ్చిన సంచి విప్పితే సర్వపిండి ఘడియలో ఖాళీ. "ఇదేం రొట్టెబ్బీ, బలే ఉండాది" అని పెద్దావిడ రెండు ముక్కలు కొంగున కట్టుకుంది కూడా. సాయంత్రం వాళ్లు వెళ్లాక కెమెరా తీశాను. ఎక్కడ గురిపెట్టినా ఒక మూల పసుపు కుచ్చులు ఊగుతూ కనిపించేవి, ఇంకో మూల ముసలాయన కనిపించేవాడు.

"తాతా, జర పక్కకు జరుగుతవా? మనిషి పడద్దు."

"నేను జరిగితే ఆ రాళ్లల్లో ఏముండాది నాయినా, ఫొటో తీసుకునేదానికి?" అన్నాడు. నిజంగానే అడిగాడు, వెటకారం కాదు. నేనే కెమెరా ఇంకో పక్కకు తిప్పాను. ఈలోపు పడమట మబ్బు కమ్మి పొద్దు మామూలుగా గుంకింది. లోయ బూడిదరంగులోనే ఉండిపోయింది. ఇక మిగిలింది మర్నాటి ఉదయం ఒక్కటే. మర్నాటితో గడువు సరి. పొద్దున ఫొటోలు తీసి, జమ్మలమడుగు పరుగెత్తి, అక్కడ ఏదో ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి పంపాలి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. దుకాణంలో గల్లాపెట్టె వెనక నేను కూర్చున్నట్టు, బడి దోస్తులంతా వచ్చి "షామియానా" అని పిలుస్తున్నట్టు ఒకటే ఆలోచన.

తెల్లవారుజామునే లేచి, షామియానాకు పది అడుగుల దూరంలో, అంచు మీద స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాను. ఎండాకాలం కదా, చల్లటి పూట పని చేసుకుందామని కూలి ఆడవాళ్లూ అప్పటికే వచ్చేశారు. సద్దులు విప్పుకుని ఇంకా ఎండ రాకపోయినా షామియానా కిందనే కూర్చున్నారు. (నిన్న ఒక్క పూటకే వాళ్లకు అది తమదైపోయింది.) చిన్నామె పిల్లను నిన్నటి చోటే పడుకోబెట్టింది. నేను అటు చూడలేదు. ఎదుటి గోడ మీద మొదటి వెలుగు పడింది. అరచేతిలో గోరింటాకు పండినట్టు పైనుంచి కిందికి ఎరుపు మెల్లగా దిగుతోంది. దాని కోసమే ఐదు వందల కిలోమీటర్లు వచ్చాను. కెమెరాలో ఒక్క మనిషి లేడు, కుచ్చులు లేవు. వేలు బటన్ మీద పెట్టాను.

సరిగ్గా అప్పుడు లోయలోంచి గాలి లేచింది. వెనక గుడ్డ టపటప కొట్టుకుంది, ఒక మేకు ఊడిన చప్పుడు. తిరిగి చూస్తే మూలగుంజ పిల్ల వైపు ఒరుగుతోంది. మా ఇంట్లో పిల్లలకు అ ఆలకన్నా ముందు నేర్పేది, గాలొస్తే గుంజ పట్టుకోవాలని. ఎలా దూకానో తెలియదు, గుంజ నా రెండు చేతుల్లో ఉంది, "అందరు తలా ఒకటి పట్టుకోండ్రి!" అని అచ్చం బాపు గొంతుతో అరుస్తున్నాను. పట్టుకున్నారు. తల్లి పిల్లను లాక్కుంది. పిల్ల మాత్రం నా అరుపుకి లేచి నన్ను చూసి గుక్కపట్టింది.

ఒక్క ఫొటో లేకుండా ఇల్లు చేరాను. బాపు దుకాణం ముందు షామియానా దించుతూ, తాళ్లు లెక్క చూసుకుంటూ అడిగాడు.

"ఏమాయె బిడ్డా?"

"గాలి దుమారం లేచింది బాపూ. గుంజ పట్టుకునేటాళ్లకు పొద్దుటి లైటు పోయింది."

బాపు చేయి ఆగింది. "కింద ఎవరన్న ఉండిరా?"

"ఆడోళ్లు ఉండిరి. ఒక చిన్న పిల్ల గూడ."

తాళ్లన్నీ చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మల్లొకసారి పో. ఇట్లాంటి నౌకర్లు ఇంకా వస్తయి. నువ్వన్న గా చిన్న టెంట్ కొనుక్కో, నేనేమనను."

నేను వద్దన్నాను. మూఢం వెళ్లిపోతోంది, సీజన్ వస్తోంది అన్నాను. ఆ సీజన్‌కే దుకాణంలో కూర్చున్నాను. ఇది జరిగి ఎనిమిదేళ్లు దాటింది. ఇప్పుడు షామియానాలు పోయి ఏసీ హాళ్లు వచ్చాయి, మేమూ మారాం. బాపు పొద్దుటిపూట మాత్రం వచ్చి కూర్చుంటాడు. ఆ కథ ఎవరడిగినా గాలి లేచి లైటు పోయిందనే చెబుతాను. మా ఆవిడకూ అదే చెప్పాను, పాపం ఆమె ఇప్పటికీ నా తరఫున ఆ గాలిని తిడుతుంది.

కానీ ఆ గాలి ఒక్క నిమిషం కూడా లేదు. వచ్చినంత తొందరగానే పోయింది. తర్వాత నేను ఊడిన మేకు మళ్లీ కొట్టాను. నాలుగు గుంజలూ ఒక్కొక్కటి ఊపి చూశాను. "కూసోండ్రి, ఏం ఫికర్ లేదు" అని అందరినీ మళ్లీ కూర్చోబెట్టాను. సద్ది అందరికీ అందిందా లేదా అని చూశాను, ఎవరికో నీళ్లు తక్కువైతే ఇచ్చాను. చిన్నామె సిగ్గుపడుతూ నాకో ముద్ద రాగిసంకటి పెట్టింది, తిన్నాను. స్టాండు మీద కెమెరా చెక్కుచెదరకుండా నిలబడే ఉంది. లోయ అవతలి గోడ అంతకు ముందుకన్నా ఎర్రగా, కింద నీళ్ల దాకా వెలుగుతూ ఉంది. చాలాసేపు ఉంది. అబ్బ, ఎంత బాగుందో అనుకుంటూ, తింటూ చూశాను. లేచి వెళ్లి తీయాలన్న సంగతి నాకసలు గుర్తుకే రాలేదు.