చంద్రమ్మకు వచ్చిన మంచి రిపోర్టు

2023లో నేను హైదరాబాద్ కొత్తగూడలో ఒక చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌ని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లే, నాకంటే ముందే ఫోన్లో అన్నీ చదివేసి వస్తారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడూ కాస్త మండుతుంది.

ఒకరోజు నల్లగండ్ల నుంచి శ్రీకాంత్ అనే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వాళ్లమ్మ చంద్రమ్మను తీసుకొచ్చాడు. ఆమెకు కొలెస్టరాల్ మాత్రలు మాన్పించి, రోజూ పొద్దున్నే వర్జిన్ కొబ్బరినూనె, అంటే పచ్చికొబ్బరి నుంచి కాచకుండా తీసిన నూనె, గ్లాసులో పోసి ఇస్తున్నాడట. రెండు నెలల కిందట తీయించిన ఆమె లిపిడ్ ప్రొఫైల్ నా బల్ల మీద పెట్టాడు. రక్తంలో కొవ్వుల సంగతి చెప్పే పరీక్ష అది. ఎల్‌డీఎల్, మనం చెడ్డ కొలెస్టరాల్ అనేది, చక్కగా అదుపులో ఉంది. అది చూశాకే తను వేసుకునే కొలెస్టరాల్ మాత్రలు కూడా మానేశానని గర్వంగా చెప్పాడు. ఇంగ్లిషులో చెప్పాడు కాబట్టి తల్లికి తెలియలేదు.

కొబ్బరినూనెలో ఎక్కువ భాగం సాచ్యురేటెడ్ ఫ్యాటే, ఎల్‌డీఎల్‌ను పెంచే రకం కొవ్వు. ఎంత వర్జిన్ అయినా ఆ గుణం పోదు. ఆ మాట గట్టిగా అనాల్సినదాన్ని, కాగితం చూసి నీళ్లు నమిలాను. "కొందరికి పడుతుందేమోనండి" అన్నాను, సిగ్గు లేకుండా.

ఇంతలో ఆఫీసు కాల్ వచ్చి అతను బయటికి వెళ్లాడు. చంద్రమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మేడం, ఆ నూనె నేను తాగుతలేను. తలకు పెట్టుకుంటున్న. గోలీలు బియ్యం డబ్బాల దాసుకొని ఏస్కుంటున్న. గంత ప్రేమతోని ఇస్తడు, వద్దనబుద్ధి కాలే. కొడుకుకు అబద్ధం చెప్పుడు నాకే సిగ్గయితున్నది."

మీ రిపోర్టు చూసే మీ అబ్బాయి తన మందులు ఆపేశాడమ్మా అని చెప్పాను. కొడుకు లోపలికి రాగానే, నేను నోరు విప్పేలోపే, ఉన్నదంతా తనే చెప్పేసింది.

శ్రీకాంత్ తల దించుకుని రిపోర్టు మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. "ఆ నూనె నేను గూడ తాగుతున్న మేడం, అమ్మకు పనిచేసిందని" అని గొణిగాడు. ఆ రోజే అతనికి రక్తపరీక్ష చేయించాం. ఎల్‌డీఎల్, మాత్రలు వేసుకోకముందు ఉన్నదాన్ని కూడా దాటిపోయింది. మా క్లినిక్ డాక్టరుగారు అతని మందులు మళ్లీ మొదలుపెట్టించారు.

"నూనె పారబొయ్యకు బిడ్డా, నీ తలకు గూడ పెడ్త" అంది చంద్రమ్మ, వెళ్తూ వెళ్తూ. అతను నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

అప్పటినుంచి రిపోర్టు చూసే ముందు మనిషితో విడిగా రెండు మాటలు మాట్లాడుతున్నాను. ఆ రోజు చంద్రమ్మ గదిలోకి అడుగుపెట్టగానే కొబ్బరి వాసన గుప్పుమంది. అయినా రిపోర్టు బల్ల మీదికి వచ్చాక నేను కాగితం మీంచి తల ఎత్తి, నూనె పెట్టిన ఆమె జుట్టు చూడలేదు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ సిగ్గుతో నా తల వాలిపోతుంది.