మూలల్లో పెట్టనివ్వని పత్తి బస్తాలు

మాఘ శుద్ధ విదియ: పత్తి ఏకే సాయిబు నా పనిని నలుగురి ఎదుట ఎగతాళి చేశాడు.
తదియ: నన్ను అడగకుండా రెండు పత్తి బస్తాలు తెచ్చి మిషను గది మూలల్లో నిలబెట్టాడు. బయట పెట్టించాను.
చవితి: వెళ్ళిపోతూ నాకు సలాం కూడా చెప్పలేదు.

పందొమ్మిది వందల నలభైల మొదట్లో వనపర్తిలో నాకు జరిగిన అవమానాలంటూ నేను నోటుపుస్తకంలో రాసుకున్న జాబితా ఇది. దస్తూరీ నాదే, కోపమూ నాదే.

పాటలు రికార్డు చేసే కంపెనీవారు ఊళ్ళో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. పెద్ద గదిలో గాయకుడు, మైకు. పక్కనున్న చిన్న కొట్టుగదిలో రికార్డు తీసే మిషను. అక్కడే కూర్చుని లౌడుస్పీకరులో పాట విని మంచిచెడ్డలు తేల్చేది, మిషను నడిపే కంపెనీ మనిషి; అందరూ ఆయన్ని మిషను ఆయన అనేవారు. ఆ కొట్టుగదిలో చప్పట్లు కొడితే గోడలు గణగణమనేవి. తక్కువ ఖర్చులో ఆ మోత ఆపించే పని బడిపంతులునైన నాకు అప్పగించారు. అమరచింత నుంచి గొంగళ్ళు తెప్పించి, నాలుగు గోడలకూ పైకప్పుకూ జానెడు ఖాళీ లేకుండా మేకులతో బిగించాను. కొలతలన్నీ రాసుకున్నాను. చప్పట్లు కొట్టి చూస్తే మోత లేదు. మురిసిపోయాను.

గోపాల్‌పేట నుంచి తత్వాలు పాడడానికి వచ్చిన సాయిబు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఏంది పంతులూ, గదికి జరమొచ్చిందా? గిన్ని గొంగళ్ళు కప్పినవ్!"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "గింత పల్సటివి సన్న మోతను మింగుతయి గని గుమ్మనే దొడ్డు మోతను మింగయి. మా పత్తి కొట్టంల మూలలకు బస్తాలుంటేనే గొంతు సాఫ్‌గ ఇనొస్తది. మూలలల్ల పత్తి పెట్టు, జర ఒక గోడకు గొంగళ్ళు తియ్యి."

"పాట నీది సాయిబూ, గది నాది" అన్నాను.

చవితినాడు ఆయన పాడాడు. లౌడుస్పీకరులో ఆ గొంతు కుండలోంచి వచ్చినట్టు మందంగా వచ్చింది.

"గొంతు పూడుకుపోయిందండీ. వయసు మీదపడింది" అన్నాడు మిషను ఆయన. అంతేనా అన్నట్టు నావైపు చూశాడు. ఔనన్నాను. రికార్డు తీయలేదు.

"నిన్న గూడ బజార్ల పాడిన గద పంతులూ. ఒక్క దినంల యాడికి పోయింది నా గొంతు?" అని సాయిబు అడిగాడు. నేను మేకులు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాను.

మర్నాడు సామాను సర్దేముందు మిషను ఆయన, ఎక్కడ విన్నా గంటలా మోగే ఒక రికార్డును అదే స్పీకరులో వేశాడు. అదీ కుండలోంచే వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అరుగు మీద పడి ఉన్న పత్తి బస్తాలు నేనే మోసుకొచ్చి మూలల్లో పెట్టాను. ఒక గోడకు గొంగళ్ళు విప్పాను. పాట తేటపడింది.

"ఆయన్ని పిలిపించండి, రేపటిదాకా ఆగుతాం" అన్నాడు మిషను ఆయన.

పిలిపిస్తే, తప్పు నా గదిదని సాయిబు ముందు ఒప్పుకోవాలి. "ఊళ్ళో లేడు" అన్నాను. ఆయన ఊళ్ళోనే, సంత దగ్గర చుట్టాలింట్లో ఉన్నాడు. నా పుస్తకంలో పంచమి కింద ఏమీ రాసిలేదు. ఇవాళ రాశాను.

సాయిబు ఇప్పుడు లేడు. ఆ తర్వాత ఎవరు అడిగినా పాడలేదని మాత్రం విన్నాను. ఈ కాగితం గోపాల్‌పేటలో ఉన్న ఆయన కూతురికి పంపుతున్నాను.

అమ్మా, మీ నాయన గొంతు పోలేదు. నా గది చెడ్డది, నేను అబద్ధమాడాను. ఆ చవితి తర్వాత ఆయన ఇంట్లోనైనా, పత్తి ఏకుతూనైనా, ఒక్కసారి పాడారా లేదా అన్నది తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. జవాబు నోటిమాటగా పంపవద్దు, నా పుస్తకంలో పంచమి కింద అంటించుకోవాలి. లేదు అన్నదైనా సరే, రాసి, సంతకం చేసి పంపవలెను.